పూర్తి వాక్యం వెయ్యండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

నేను అమెరికాలో ఉంటున్న తెలుగువాణ్ణి, ఇక్కడ ఓటు ఉంది, ఏ పార్టీలోనూ మెంబర్ని కాదు. పొద్దున్నే మీ ఈ-పేపర్ తిరగెయ్యడం ఎప్పట్నుంచో అలవాటు. 2024 ఎన్నికలప్పుడు అమెరికా ప్రచారం గురించి మన పేపర్లలో, టీవీల్లో వచ్చినవి చూసి అప్పుడే రాద్దామనుకున్నా కానీ ఆ వేడిలో ఏం రాసినా నన్ను ఏదో ఒక పార్టీ ఖాతాలో వేసేస్తారని ఊరుకున్నా. ఇప్పుడు 2028 కి ఎవరు నిలబడతారు అని మళ్ళీ లెక్కలు మొదలయ్యాయి కాబట్టి ఈసారి ముందే చెప్దామని రాస్తున్నా. కాస్త పొడుగైంది, ఏమీ అనుకోకండి.

మన వాళ్ళకి బాగా తగిలిన విషయంతోనే మొదలెడతా. 2024 జూన్ లో ట్రంప్ ఆల్-ఇన్ అనే పాడ్‌కాస్ట్ లో, అమెరికాలో కాలేజీ చదువు పూర్తిచేసిన వాళ్ళకి డిప్లొమాతో పాటే ఆటోమేటిగ్గా గ్రీన్ కార్డ్ ఇచ్చెయ్యాలి, రెండేళ్ళ జూనియర్ కాలేజీలకి కూడా అదే అన్నాడు. ఇంకేముంది, నేను చూసినంతలో తెలుగు మీడియా అంతా పండగ చేసుకుంది, ఎంఎస్ చేస్తున్న పిల్లల తల్లిదండ్రులు ఆ హెడ్డింగ్ ఫోటో తీసి ఒకళ్ళకొకళ్ళు పంపుకున్నారు. ఆ వెంటనే ట్రంప్ ప్రచారం తరఫున కరోలిన్ లీవిట్ ఒక వివరణ ఇచ్చింది, అది అందరికీ కాదు, పూర్తిగా వడపోసి, అమెరికా ఉద్యోగుల జీతాలకి ఎసరు పెట్టని బాగా నైపుణ్యం ఉన్న వాళ్ళకి మాత్రమే అని. అంటే మొదటి మాటలో మిగిలింది దాదాపు ఏమీ లేదు. ఈ రెండో వార్త ఎంతమంది తెలుగు పాఠకులకి చేరిందో చెప్పండి? తర్వాత 2025 సెప్టెంబర్ లో కొత్త హెచ్-1బీ అప్లికేషన్ కి లక్ష డాలర్లు కట్టాలని ఆయనే సంతకం పెట్టేసరికి అదేంటి గ్రీన్ కార్డ్ ఇస్తానన్నాడుగా అని నన్ను ఫోన్ చేసి అడిగినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ తప్పు కాదండి అది, వాళ్ళకి సగం వాక్యమే అందింది.

ఈ సగం వాక్యం వ్యాపారం ఒక పార్టీది కాదు. 2012 జనవరిలో న్యూ హ్యాంప్‌షైర్ లో రిపబ్లికన్ మిట్ రామ్నీ ఆరోగ్య బీమా గురించి మాట్లాడుతూ, కంపెనీ సరిగా చూసుకోకపోతే దాన్ని మానేసి ఇంకోటి పెట్టుకునే వీలుండాలి, నాకు సర్వీసు ఇచ్చే వాళ్ళని తీసెయ్యగలగడం నాకిష్టం అన్నాడు. అందులోంచి మనుషుల్ని తీసెయ్యడం నాకిష్టం అన్న ముక్క ఒక్కటే దేశమంతా తిరిగింది. తమాషా ఏంటంటే దాన్ని పట్టుకుని ఆడుకున్న వాళ్ళలో డెమోక్రాట్లే కాదు, ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే పోటీలో, ఆయన మీద పోటీ చేస్తున్న సొంత పార్టీ వాళ్ళూ ఉన్నారు, రిక్ పెర్రీ మనుషులైతే ఏకంగా ఫోన్ రింగ్‌టోన్ చేసి వదిలారు. అదే ఏడాది జూలైలో వర్జీనియాలోని రోనోక్ లో ఒబామా మాట్లాడుతూ, మీరు పైకొచ్చారంటే దారిలో ఎవరో ఒకళ్ళు సాయం చేసే ఉంటారు, రోడ్లకి బ్రిడ్జిలకి ఎవరో డబ్బు పెట్టారు, మీకు వ్యాపారం ఉంటే అది మీరు కట్టింది కాదు అన్నాడు. ఆ ముందు రోడ్లు బ్రిడ్జిలు అన్న మాట కోసేసి చివరి ముక్క ఒక్కటీ తీసుకున్నారు రిపబ్లికన్లు, ఆగస్టులో టాంపాలో జరిగిన తమ పార్టీ సభల్లో ఒక రోజు మొత్తానికి మేమే కట్టుకున్నాం అని పేరు పెట్టి నడిపారు. నా మట్టుకు నాకు ఇద్దరూ మాట తడబడ్డారనే అనిపిస్తుంది, రామ్నీకి నోరు కాస్త తొందర, ఒబామా వాక్యం కూడా వంకరగానే వచ్చింది. కానీ రామ్నీ క్లిప్ అన్యాయం అని గింజుకున్నవాళ్ళే ఒబామా క్లిప్ షేర్ చేసారు, అటు వాళ్ళూ అంతే. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అని మన వాళ్ళు ఊరికే అనలేదు.

డిబేట్లు అవ్వగానే ఏం జరుగుతుందో మన పాఠకులకి ఎవరూ సరిగా చెప్పినట్టు నాకు గుర్తులేదు. హాలు పక్కనే ఒక పెద్ద గది ఉంటుంది, పేరే స్పిన్ రూమ్, స్పిన్ అంటే జరిగినదాన్ని తమవైపు తిప్పి చెప్పడం, దాచుకోవడం కూడా ఉండదు. 1984 లో రీగన్, మాండేల్ డిబేట్ల నాటినుంచి ఈ మాట వాడుకలో పడింది. రెండు పార్టీల సెనేటర్లు, గవర్నర్లు, ప్రచార సలహాదార్లు ఆ గదిలోకి వస్తారు, ఒక్కొక్కరి వెనకాల ఒక కుర్రాడు వాళ్ళ పేరు రాసిన బోర్డు నెత్తి మీదకి ఎత్తి పట్టుకుని నిలబడతాడు, రిలీజు రోజు థియేటర్ దగ్గర హడావుడి లాగా ఉంటుంది. విలేకర్లు మైకులు పట్టుకుని బోర్డు చూసి పరిగెడతారు. ప్రతి బోర్డు కిందా ఒకటే సమాధానం, మావాడే గెలిచాడు. 2024 సెప్టెంబర్ 10 న ఫిలడెల్ఫియాలో హారిస్ తో డిబేట్ అయ్యాక ట్రంప్ స్వయంగా ఆ గదిలోకి నడిచొచ్చాడు, మామూలుగా క్యాండిడేట్లు ఆ పని చెయ్యరు, నిజంగా గెలిచాననుకున్నవాడికి అంత అవసరం ఏమొచ్చిందో మరి. మర్నాడు మన పేపర్లలో "విశ్లేషకుల అభిప్రాయం" అని వచ్చేది చాలాసార్లు ఈ గదిలో పుట్టిన మాటే, బోర్డు మాత్రం మనకి కనపడదు.

ఇది ఎంత పనిచేస్తుందో తెలియాలంటే 1976 కి వెళ్ళాలి. అక్టోబర్ 6 న శాన్ ఫ్రాన్సిస్కోలో కార్టర్ తో డిబేట్ లో ప్రెసిడెంట్ ఫోర్డ్, తూర్పు యూరప్ మీద సోవియట్ ఆధిపత్యం లేదు అనేశాడు. ప్రశ్న అడిగిన న్యూయార్క్ టైమ్స్ ఆయన నమ్మలేక మళ్ళీ అడిగినా ఫోర్డ్ దిగలేదు. పెద్ద తప్పే, అందులో డౌట్ లేదు. కానీ ఆ రాత్రి డిబేట్ అవ్వగానే ఒక సర్వేలో జనాన్ని అడిగితే ఫోర్డే కాస్త ముందున్నాడు, మర్నాడంతా టీవీల్లో పేపర్లలో ఆ ఒక్క మాట మీద చర్చ నడిచాక అడిగితే కార్టర్ భారీగా గెలిచాడన్నారు. ఇక్కడ మీడియా అబద్ధం ఏమీ చెప్పలేదు, ఫోర్డ్ అన్నది నిజంగానే తప్పు. అయినా జనం తమ కళ్ళతో చూసిన డిబేట్ వేరు, మర్నాటికి గుర్తున్న డిబేట్ వేరు.

ఇక్కడిదాకా మీడియాని తిట్టడం తేలికే, అందరూ చేసేదే. నేను అసలు చెప్పదలుచుకుంది వేరే. చూసేవాళ్ళు ఎలాంటి వాళ్ళో చానళ్ళు అలాగే తయారవుతాయి, సొంత పక్షంలో నిజం చెప్పినవాణ్ణి జనం ముందు కొడతారు, అది చూసి మిగతావాళ్ళు నోరు మూసుకుంటారు. దీనికి 2020 ఆరిజోనా కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

నవంబర్ 3 రాత్రి 11:20 కి, ఇక్కడి తూర్పు తీరం టైములో, రిపబ్లికన్ల వైపు మొగ్గే ఫాక్స్ న్యూస్ చానల్ ఆరిజోనా రాష్ట్రం డెమోక్రాట్ బైడెన్ కి వెళ్ళిందని ప్రకటించింది. అందరికంటే ముందు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థకి ఇంకో మూడున్నర గంటలు పట్టింది, మిగతా పెద్ద నెట్‌వర్కులు వారం దాటాక గానీ చెప్పలేదు. ట్రంప్ మనుషులు చానల్ పెద్దలకి ఫోన్ల మీద ఫోన్లు. లెక్కలు వేసే టీమ్ వెనక్కి తగ్గలేదు, చివరికి బైడెన్ అక్కడ 10,457 ఓట్లతో గెలిచాడు. అంత దగ్గరగా వచ్చింది కాబట్టి మరీ తొందరపడ్డారు అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అది కొట్టిపారెయ్యదగ్గ మాట కూడా కాదు. కానీ వార్త కరెక్ట్. కరెక్ట్ వార్త చెప్పినందుకు ఏమైంది? ఏళ్ళ తరబడి ఆ చానలే చూసిన జనం కోపంతో ట్రంప్ ని ఇంకా గట్టిగా సమర్థించే న్యూస్‌మ్యాక్స్ చానల్ కి మారిపోవడం మొదలెట్టారు, మారికోపా కౌంటీలో ఓట్లు లెక్కపెట్టే ఆఫీసు బయట జనం గుమిగూడి ఫాక్స్ ని తిడుతూ అరిచారు. ఆ నిర్ణయాన్ని టీవీలో నిలబడి సమర్థించిన పొలిటికల్ ఎడిటర్ క్రిస్ స్టైర్‌వాల్ట్ కి 2021 జనవరిలో ఉద్యోగం పోయింది, చానల్ మాత్రం మార్పుచేర్పుల్లో భాగం అంది.

ఆ తర్వాత లోపల ఏం నడిచిందో కోర్టు పుణ్యమా అని బయటికొచ్చింది. ఓటింగ్ మెషిన్ల కంపెనీ డొమినియన్ పరువు నష్టం కేసు వేసింది, అందులో యాంకర్లు, మేనేజర్లు ఒకళ్ళకొకళ్ళు పంపుకున్న మెసేజ్‌లన్నీ దాఖలయ్యాయి. మెషిన్లు ఓట్లు మార్చేశాయన్న కథలు చెప్తున్న లాయర్లని లోపల నమ్మనివాళ్ళే బయట వాళ్ళని గెస్టులుగా కూర్చోబెట్టారు. ఒక రిపోర్టర్ ట్రంప్ ట్వీట్ ని ఫ్యాక్ట్ చెక్ చేసినందుకు ఆమెని తీసేయించండి, కంపెనీకి నష్టం, షేర్ రేటు పడుతోంది అని టక్కర్ కార్ల్‌సన్ తోటి యాంకర్లకి మెసేజ్ పెట్టాడు. ఇది చదివినప్పుడు నాకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువేసింది, వీళ్ళు జనాన్ని మాయచేస్తున్నారని మనం అనుకుంటాం గానీ వీళ్ళే జనానికి భయపడి చస్తున్నారు! చివరికి డొమినియన్ గురించి చెప్పినవాటిలో ఒక్కటీ నిజం కాదని జడ్జి తేల్చాక, 2023 ఏప్రిల్ 18 న ఫాక్స్ 787.5 మిలియన్ డాలర్లు కట్టి కేసు సెటిల్ చేసుకుంది.

ఇది చదివి డెమోక్రాట్ మిత్రులు నవ్వుకుంటుంటే ఒక్క నిమిషం ఆగమనండి. 2024 జూన్ లో ఇటలీలో జీ-7 సమావేశాల్లో నాయకులంతా పారాచూట్ల విన్యాసం చూస్తున్నారు, బైడెన్ గుంపులోంచి పక్కకి తిరిగి ఎటో వెళ్తున్నట్టు, ఇటలీ ప్రధాని మెలోనీ వచ్చి వెనక్కి తీసుకొచ్చినట్టు ఒక వీడియో తిరిగింది. అది ఒక పక్క కోసేసిన వీడియో, మొత్తం ఫ్రేమ్ చూస్తే అక్కడ అప్పుడే దిగిన పారాచూటిస్ట్ ఉన్నాడు, బైడెన్ అతనికి బొటనవేలు ఎత్తి చూపిస్తున్నాడు. కాబట్టి ఆ వీడియో మోసమే. వైట్ హౌస్ ప్రెస్ సెక్రటరీ ఇలాంటివాటిని చీప్ ఫేక్స్, అంటే కోసి అతికించిన చవకబారు మోసాలు, అంది, ఆమె చెప్పింది ఆ వీడియో వరకు నిజం. కానీ ఆ నిజాన్ని గొడుగులా పట్టుకుని ఆయన వయసు గురించిన మాట మొత్తాన్నీ దాని కింద దాచేశారు. ఫిబ్రవరిలో న్యాయశాఖ విచారణకి పెట్టిన స్పెషల్ కౌన్సెల్ రాబర్ట్ హర్ తన రిపోర్టులో జ్ఞాపకశక్తి సరిగా లేని పెద్దాయన అని రాస్తే రాజకీయం అన్నారు. అంతకుముందే మిన్నెసోటా కాంగ్రెస్ సభ్యుడు డీన్ ఫిలిప్స్, డెమోక్రాటే, ఆయన వయసు సమస్య అవుతుంది ఇంకొకళ్ళని పెడదాం అని ప్రైమరీలో నిలబడితే సొంత పార్టీలో పట్టించుకున్నవాడు లేడు, పట్టించుకున్నవాళ్ళు ఎగతాళి చేశారు. జనాన్ని అడిగితే మాత్రం డెమోక్రాట్ ఓటర్లలోనే చాలామంది ఆయన మరీ పెద్దవాడైపోయాడని సర్వేల్లో చెప్తూనే ఉన్నారు.

జీ-7 వీడియో తర్వాత సరిగ్గా రెండు వారాలకి, జూన్ 27 న, అట్లాంటాలో సీఎన్ఎన్ డిబేట్. కోతలు లేవు, ఎడిటింగ్ లేదు, తొంభై నిమిషాలు దేశమంతా చూసింది. నిన్నటిదాకా ఆయన మాకంటే చురుగ్గా ఉన్నాడు అన్న నోళ్ళే ఆ రాత్రే మాట మార్చాయి, జూలై 21 కి బైడెన్ తప్పుకున్నాడు. ముందుగా నిజం చెప్పిన ఫిలిప్స్ కి క్షమాపణ చెప్పినవాళ్ళు ఎంతమందో నాకైతే కనపడలేదు. కొత్త అభ్యర్థికి మిగిలింది నూటచిల్లర రోజులు, ఈ ఆలస్యానికి కారణం ఎదుటి పార్టీ స్పిన్ కాదు కదా.

సర్వేల విషయంలోనూ ఇదే గొర్రెదాటు. 2012 లో రామ్నీ వైపు వాళ్ళు సర్వేలన్నీ డెమోక్రాట్లకి వంగి ఉన్నాయి, మేం సరిచేసి చూపిస్తాం అని సొంత లెక్కలు వేసుకున్నారు, ఫలితాల రాత్రి ఒహాయో ఒబామాకి వెళ్ళిందని ఫాక్స్ చెప్తే అదే చానల్లో కూర్చున్న రిపబ్లికన్ వ్యూహకర్త కార్ల్ రోవ్ ఒప్పుకోలేదు, యాంకర్ మెగిన్ కెల్లీ కెమెరాతో సహా లేచి లెక్కల గదిదాకా నడిచెళ్ళి అడగాల్సొచ్చింది. నాలుగేళ్ళకి సీన్ తిరగబడింది. హఫింగ్టన్ పోస్ట్ హిల్లరీ గెలిచే అవకాశం 98 శాతం అంది. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ శామ్ వాంగ్ అయితే ట్రంప్ కి 240 ఎలక్టోరల్ ఓట్లు దాటితే పురుగు తింటానని పందెం కాసి, ఓడిపోయి, సీఎన్ఎన్ లో అందరి ముందూ కీచురాయిని తిన్నాడు పాపం, మాట మీద నిలబడ్డాడు, ఆ మాత్రం కూడా మిగతావాళ్ళు చెయ్యలేదు. ట్రంప్ కి దాదాపు 30 శాతం అవకాశం ఉందని చెప్పిన సర్వేల లెక్కల నిపుణుడు నేట్ సిల్వర్ ని ఎన్నికల ముందు తిట్టింది డెమోక్రాట్ల వైపు వాళ్ళే. 2024 లో అయోవాలో హారిస్ మూడు పాయింట్లు ముందుందని ఒక్క సర్వే వస్తే చాలు మళ్ళీ పండగ, అక్కడ ట్రంప్ 13 పాయింట్లతో గెలిచాడు. వాపు చూసి బలుపు అనుకోవడం అంటే ఇదే, అద్దం ముందు నిలబెట్టే వాడు గుంపులో ఉండడు.

కళ్ళెదురుగా ఉన్నదాన్ని కూడా పార్టీ మార్చేస్తుంది. 2017 లో ట్రంప్ ప్రమాణ స్వీకారం అయ్యాక ఇద్దరు పరిశోధకులు ఒక సర్వేలో రెండు ఫోటోలు చూపించారు, ఒకటి 2009 ఒబామాది, ఒకటి 2017 ది, పేర్లు చెప్పకుండా దేంట్లో జనం ఎక్కువున్నారు అని అడిగారు. చిన్నపిల్లాడు కూడా చెప్తాడు, ఒకదాంట్లో నేల కనపడుతోంది. ట్రంప్ కి ఓటేసినవాళ్ళలో దాదాపు ఏడుగురిలో ఒకరు ఆ ఖాళీ ఫోటోనే చూపించారు. వాళ్ళకి కళ్ళు లేక కాదు, ఏ జవాబు ఎవరి పక్షమో తెలిసిపోయింది. అలాగే ప్రెసిడెంట్ మారిన వెంటనే, ఇంకా ఒక్క చట్టం కూడా మారకుండానే, ఆర్థిక పరిస్థితి బాగుందని చెప్పే పార్టీ మారిపోతుంది, 2016 లోనూ చూశాం, 2020 లోనూ చూశాం. సర్వేలు చేసే గాలప్ వాళ్ళు అడిగితే మీడియా మీద నమ్మకం ఉందన్నవాళ్ళు 1976 లో 72 శాతం, 2024 లో 31 శాతం. దాన్నీ విడదీసి చూడాలి, డెమోక్రాట్లలో 54, రిపబ్లికన్లలో 12. అంటే ఇప్పుడు పేపర్ ని నమ్మాలా వద్దా అన్నది కూడా పార్టీ విషయమే అయిపోయింది.

ఇక మన దగ్గరికొస్తే. 2024 జూలైలో జేడీ వాన్స్ ని వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థిగా ప్రకటించగానే ఆయన భార్య ఉషా గారి పూర్వీకుల ఊరు వడ్లూరుకి కెమెరాలు పరిగెత్తాయి, వారం తిరక్కుండానే కమలా హారిస్ తెరపైకి రాగానే తమిళనాడులో తులసేంద్రపురానికి పరిగెత్తాయి. సంతోషమే, ఎవరు కాదన్నారు, మన పిల్ల అంత ఎత్తుకి వెళ్తే మురిసిపోమా. కానీ ఆ నాలుగు నెలల్లో వాన్స్ హెచ్-1బీ గురించి ఏమన్నాడు, హారిస్ సరిహద్దు గురించి ఏమన్నది, అది పూర్తి వాక్యంగా ఎన్ని తెలుగు పేజీల్లో వచ్చింది? ఇక్కడి చానల్ క్లిప్ తీసుకుని తెలుగులో పైన వాయిస్ పెట్టేస్తే వాళ్ళ స్పిన్ మన ఇంట్లోకి కస్టమ్స్ కూడా కట్టకుండా వచ్చేసినట్టే. ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో కూడా అదే జరిగింది, ఒక గ్రూపు ఫాక్స్ క్లిప్పుల తెలుగు వెర్షన్, ఇంకో గ్రూపు డెమోక్రాట్ల వైపు మొగ్గే ఎంఎస్ఎన్‌బీసీ క్లిప్పుల తెలుగు వెర్షన్, మధ్యలో పండగ ఫోటోలు.

నేను అడిగేవి పెద్ద ఖర్చయ్యేవి కావు సార్. అభ్యర్థి మాట హెడ్డింగ్ లో పెడితే దాని ముందు వాక్యం, వెనక వాక్యం కింద వెయ్యండి. వివరణ వస్తే మొదటి వార్త ఏ పేజీలో వేశారో ఆ పేజీలోనే వెయ్యండి, ఏడో పేజీ మూలన కాదు. "విశ్లేషకులు" అనకండి, ఆ మనిషి పేరు, ఏ ప్రచారం దగ్గర జీతం తీసుకుంటున్నాడు అన్నది రాయండి, నెత్తి మీద బోర్డు మాకూ కనపడనివ్వండి. డిబేట్ మర్నాడు ఎవరు గెలిచారు అన్న కాలమ్ మానేసి ఇద్దరూ ఒకే ప్రశ్నకి ఏం చెప్పారో పక్కపక్కన వేస్తే చాలు, గెలుపు సంగతి మేం చూసుకుంటాం. సర్వే వేస్తే ఒక్కటి వెయ్యకండి, నాలుగు వెయ్యండి. దీనివల్ల రెండు వైపుల నుంచీ మీకు తిట్లు వస్తాయి, ఆరిజోనా సంగతి చూశాం కదా, కొంతమంది పేపర్ మానేస్తారు కూడా. నేను మాత్రం మానను, ఆ విషయంలో రాసిస్తా.

చివరిగా ఒక మాట. ఈ ఉత్తరం మీ కాలమ్ కి ఎక్కువైపోయిందని నాకు తెలుసు, కొయ్యక తప్పకపోతే ఉషా గారి ఊరు, కీచురాయి తీసెయ్యండి. ఫాక్స్ పేరా ఉంచి బైడెన్ పేరా తీసేస్తే గానీ, అది ఉంచి ఇది తీసేస్తే గానీ, అసలు వెయ్యొద్దు.

ఇట్లు,
మీ పాఠకుడు,
టెక్సాస్